వకాలత్ వదిలి ఫారిన్ సర్వీసుకు వెళ్ళొచ్చా?

లాయర్‌గా ప్రాక్టీసు చేసినవాళ్ళు దౌత్యవేత్తలు కావచ్చా, కోర్టు అనుభవం అక్కడ అక్కరకొస్తుందా అని అడిగారు. రెండింటికీ అవుననే చెప్తాను.

నేను హనుమకొండ అదాలత్‌లో ప్రాక్టీసు చేస్తాను. మా సీనియర్ దగ్గర నాతోపాటు జూనియర్‌గా ఉన్న మిత్రుడు సివిల్స్ రాసి ఐఎఫ్ఎస్‌కు, అంటే ఫారిన్ సర్వీసుకు వెళ్ళాడు. ఆ పరీక్షలో మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టు అతనిది లా, రెండు పేపర్లు కలిపి 500 మార్కులకు. మొదటి పేపర్లో రాజ్యాంగంతోపాటు అంతర్జాతీయ న్యాయం కూడా ఉంటుంది కాబట్టి సుబేదారి లా కాలేజీలో చదివిందేదీ వృథా పోలేదు. ముస్సోరీ, ఢిల్లీల్లో శిక్షణ అయ్యాక ఒక విదేశీ భాష నేర్చుకోక తప్పదు.

బాగా వాదిస్తాడని ఇక్కడ అతనికి పేరు. గల్ఫ్‌లో పోస్టింగ్ వచ్చాక మాత్రం కాగితాన్ని అక్షరం వదలకుండా చదివే అలవాటే ఆదుకుంది. జగిత్యాల వైపు ఒక కుటుంబానికి నేను పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాను, అక్కడ చనిపోయిన మనిషి జీతం బకాయి కోసం. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పాస్‌పోర్టులో చివర ఉంది, స్పెల్లింగూ వేరు. కాగితాలు తిరిగొచ్చాయి. ఫోన్ చేస్తే "రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అఫిడవిట్ పెట్టించు, నాకు రోజూ ఇవే కేసులురా" అన్నాడు.

టీవీలో చూసే హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానం వాదనలు వేరు. పాకిస్తాన్ జైల్లో ఉన్న కుల్‌భూషణ్ జాధవ్ కేసులో మన తరఫున నిలబడింది హరీశ్ సాల్వే, బయటి లాయరు. మన అధికారుల్ని ఖైదీతో కలవనివ్వకపోవడం కాన్సులర్ సంబంధాల మీద దేశాలు చేసుకున్న వియన్నా ఒప్పందానికి విరుద్ధమని 2019లో తీర్పొచ్చింది. అచ్చంగా న్యాయశాస్త్రం పనే కావాలంటే విదేశాంగ శాఖలో లీగల్ అండ్ ట్రీటీస్ విభాగం ఉంది. దానికి అధిపతిగా చేసిన నీరూ చడ్డా 2017లో అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌కు జడ్జిగా ఎన్నికయ్యారు. నన్నడిగితే ప్రాక్టీసు మీద మమకారం ఉన్నవాళ్ళకు ఇదే మేలు.

బొంబాయి హైకోర్టు చీఫ్ జస్టిస్ చాగ్లా 1958లో అమెరికాకు రాయబారి అయ్యారని, సుప్రీంకోర్టు లాయర్ ఎల్.ఎం. సింఘ్వీ లండన్‌లో హైకమిషనర్‌గా చేశారని చెప్పి కొందరు ఊరిస్తారు. అవి ప్రభుత్వం పిలిచి ఇచ్చిన పదవులు, మనలాంటివాళ్ళం లెక్కలో పెట్టుకోకూడదు.

మీ వయసు రాయలేదు. సివిల్స్ రాయడానికి జనరల్ అయితే 32 ఏళ్ళ వరకు, 6 సార్లు. ఓబీసీ అయితే 35 ఏళ్ళ వరకు, 9 సార్లు. ఇంకోటి, ఉద్యోగంలో చేరగానే బార్ కౌన్సిల్‌కు చెప్పి సనద్ (లాయర్‌గా ప్రాక్టీసు చేసే అనుమతి) సస్పెండ్ చేయించుకోవాలి. చేతిలో ఉన్న వాయిదాలు ఎవరికి అప్పజెప్పాలో ఇప్పుడే చూసుకోండి.