బడి కబుర్లు: చదివిన సిద్ధాంతాలు ఎల్‌కేజీ క్లాసులో ఎక్కడ పనికొస్తాయి?

ప్రశ్న: మేడమ్, ప్రీ ప్రైమరీ టీచర్ ట్రైనింగ్ చేశాను. పిల్లలు ఎలా నేర్చుకుంటారో చెప్పిన పియాజే, వైగోట్‌స్కీ, మాంటిస్సోరీ అందర్నీ చదివి పరీక్ష రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ చెప్తున్నా. 34 మంది పిల్లలు, ఒక ఆయా. రోజూ మూడు పేజీలు కాపీరైటింగ్ అవ్వాలి, దసరాకల్లా 1 నుంచి 100 రాయాలి అంటారు కరెస్పాండెంట్ గారు. చదివినదానికీ ఇక్కడ చేసేదానికీ సంబంధమే కనిపించట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక టీచర్, తెనాలి

జవాబు: టీచర్ గారూ, కొత్త యాక్టివిటీలతో మొదలుపెట్టకండి, పిల్లల్ని గమనించడంతో మొదలుపెట్టండి. స్నాక్స్ టైములో ఒక్క పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని చింతగింజలు రెండు వరసలుగా పెట్టండి, వరసకి ఆరు, ఎదురెదురుగా. రెండిట్లో సమానంగా ఉన్నాయా అంటే ఉన్నాయంటాడు. తర్వాత ఒక వరసని వాడి కళ్ళ ముందే దూరం దూరంగా జరిపి ఇప్పుడు ఎందులో ఎక్కువ ఉన్నాయి అని అడగండి, నాలుగేళ్ళ పిల్లలు చాలామంది పొడుగ్గా ఉన్న వరసనే చూపిస్తారు. వాళ్ళకి తెలివి లేక కాదు, రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా పిల్లలు కంటికి కనిపించేదాన్ని బట్టే లెక్క కడతారని పియాజే చెప్పింది ఇదే. అదే పిల్లాడు 1 నుంచి 100 వరకు గడగడా అప్పజెప్తాడు చూడండి, అది పాట గుర్తుండడం, అంకె అంటే ఎంతో అర్థమవడం వేరే పని.

అయితే ఇక్కడ ఆగిపోకూడదండీ, ఎందుకంటే 1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే ప్రయోగాన్ని కొద్దిగా మార్చి చేశారు. వరసని టీచర్ జరపకుండా ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు ఆడించి అడిగితే, అంతకుముందు తప్పు చెప్పే వయసు పిల్లలే ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. పెద్దవాళ్ళు తామే ఏదో మార్చి, ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే, మొదటి జవాబు తప్పేమో అనుకుని పిల్లలు మార్చేస్తారని డొనాల్డ్‌సన్ వివరణ. మన క్లాసుల్లో రోజూ జరిగేది ఇదే కదా, పిల్ల కరెక్ట్ చెప్పినా "మళ్ళీ చెప్పు" అంటాం, పాప మొహం చూసి మాట మార్చేస్తుంది. అందుకే జవాబు రాగానే "నీకెలా తెలిసింది?" అని అడిగి చూడండి, నాకు తెలిసి టీచర్ చేతిలో ఉన్న అన్నిటికంటే మంచి పనిముట్టు ఈ ఒక్క ప్రశ్నే.

లెక్కలకి వేరే పీరియడ్ అక్కర్లేదు. ప్లేట్లు పంచేటప్పుడు మనిషికొకటి, ఇవాళ ఎంతమంది రాలేదు, ఇంకా ఎన్ని గ్లాసులు కావాలి, ఇవన్నీ పిల్లల చేతే చేయించండి. పది లోపల అంకెలు చేతికి గట్టిగా వస్తే వంద దానంతటదే వస్తుంది.

ఇక వైగోట్‌స్కీ. పిల్ల ఒంటరిగా చేయగలిగేది ఒకటి, ఎంత సాయం చేసినా ఇప్పుడప్పుడే రానిది ఒకటి, ఈ రెంటి మధ్య చిన్న సాయంతో చేయగలిగేది ఉంటుంది, మన పని ఆ మధ్యలోనే. ఇలా ఆసరా ఇవ్వడాన్ని స్కాఫోల్డింగ్ అంటారు, ఆ మాట ఆయనది కాదు, 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన వ్యాసంలోది, ట్రైనింగ్ నోట్స్‌లో రెండూ కలిపేస్తుంటారు. అందులో అసలు విషయం సాయం చేయడం కాదు, చేసిన సాయాన్ని మెల్లిగా తీసేయడం. పిల్ల చెయ్యి పట్టుకుని 'అ' దిద్దించేస్తే రాసింది మనం, పిల్ల కాదు. దానికి బదులు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక చుక్క పెట్టండి, ఎటు తిప్పాలో నోటితో చెప్పండి, రెండ్రోజుల తర్వాత చెప్పడం మానేయండి, ఇంకో రెండ్రోజులకి చుక్క కూడా తీసేయండి. పిల్లలు రాస్తూ తమలో తాము గొణుక్కుంటారు చూడండి, "ఇలా చుట్టి, కిందకి, మళ్ళీ పైకి" అని, అది అల్లరి కాదు, ఆలోచన బయటికి వినిపించడం అని వైగోట్‌స్కీ ఎంతో గట్టిగా చెప్పాడు. ఆ టైములో మనం "నోటిమీద వేలేసుకో" అంటే పిల్ల ఆలోచించుకునే దారినే మూసేసినట్టు. దయచేసి రాసేటప్పుడైనా ఆ మాట అనకండి.

34 మందికి ఒకేసారి ఇవన్నీ కుదరవు, నిజమే. ఎనిమిది మందిని మీ దగ్గర పదిహేను నిమిషాలు కూర్చోబెట్టుకుని, మిగతావాళ్ళకి ఆయా దగ్గర మట్టి, పూసలు గుచ్చడం, రంగులు ఇవ్వండి, గ్రూపులు మారుస్తూ ఉండండి. పూసలు గుచ్చడం, చిక్కుడుకాయలు తుంచడం టైంపాస్ పనులు కావు, పెన్సిల్ పట్టుకునే వేళ్ళు బలపడేది వాటితోనే.

కరెస్పాండెంట్ గారి దగ్గరికి సిద్ధాంతం పట్టుకెళ్ళకండి. 2022లో కేంద్రం విడుదల చేసిన ఫౌండేషనల్ స్టేజ్ కరికులమ్ ఫ్రేమ్‌వర్క్ చూపించండి, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి పాఠ్యపుస్తకాలే పెట్టొద్దు, ఆటలతోనే నేర్పాలి అని అందులో ఉంది. మూడు పేజీల్లో ఒక్కటి తగ్గించమని అడగండి, ఆ టైములో పిల్లలు ఏం చేస్తున్నారో పీటీఎంలో తల్లిదండ్రులకి చూపిద్దామనండి.

ప్రశ్న: మా అంగన్‌వాడీలో మూడేళ్ళ వాళ్ళూ ఐదేళ్ళ వాళ్ళూ ఒకే గదిలో ఉంటారు. అందరికీ కలిపి ఏం చెప్పాలో అర్థం కావట్లేదు. మాంటిస్సోరీ సామాన్లు కొనే డబ్బు మాకెక్కడిది?
– అంగన్‌వాడీ టీచర్, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, మీరు లోటు అనుకుంటున్నదాన్నే మాంటిస్సోరీ కావాలని పెట్టుకుంది. 1907లో రోమ్‌లో శాన్ లోరెంజో అనే పేదల వాడలో ఆమె మొదటి బడి పెట్టినప్పటి నుంచీ చిన్నా పెద్దా కలిసే ఉన్నారు. పెద్దదాన్ని చూసి చిన్నది నేర్చుకుంటుంది, చిన్నదానికి చెప్తూ పెద్దదానికి ఇంకా గట్టిపడుతుంది. కాకపోతే పెద్ద పిల్లల్ని చిన్నవాళ్ళకి కాపలాగా మాత్రం పెట్టకండి, వాళ్ళకంటూ వాళ్ళ పని రోజూ ఉండాలి.

సామాన్ల సంగతికి గుజరాత్‌లో చిన్నపిల్లల బడి నడిపిన గిజూభాయి బధేకాని గుర్తుపెట్టుకోండి. మాంటిస్సోరీ మద్రాసు వచ్చింది 1939లో, అంతకు చాలా ముందే 1920లో ఆయన భావనగర్‌లో బాలమందిరం పెట్టి, ఆమె పద్ధతి తీసుకుని అందులో గుజరాతీ కథలు, పాటలు, నాటకాలు నింపాడు. మనకీ అంతే. అట్టముక్క మీద జిగురు రాసి ఇసక చల్లి అక్షరం చేస్తే వేలితో తడిమి నేర్చుకుంటారు. చీపురుపుల్లలు పొడుగు పొట్టి వరసలో పెట్టించండి. గింజలు ఐదేళ్ళ వాళ్ళకి మాత్రమే, అదీ మీ కళ్ళ ముందే, మూడేళ్ళ వాళ్ళు ముక్కులో పెట్టేసుకుంటారు, వాళ్ళకి పెద్ద డబ్బా మూతలు ఇవ్వండి. కథ మాత్రం అందరికీ కలిపే చెప్పండి, మీ ఊరి మాటలోనే చెప్పండి.

ప్రశ్న: మా బాబుకి మూడున్నరేళ్ళు. మా ఏరియాలో రెండు స్కూళ్ళ బోర్డుల మీద మాంటిస్సోరీ అని ఉంది, ఫీజులు బాగా ఎక్కువ. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చమ్మా, బోర్డుని బట్టి ఏమీ తెలియదు. స్కూలు నడిచే టైములో వెళ్ళి అరగంట క్లాసు వెనక కూర్చుంటానని అడగండి. పిల్లలు తమ పని తామే ఎంచుకుని, అయ్యాక సామాను తిరిగి షెల్ఫులో పెడుతున్నారా, మూడేళ్ళ వాళ్ళూ ఐదేళ్ళ వాళ్ళూ కలిసి ఉన్నారా, పొద్దున్న రెండు మూడు గంటలు బెల్లు కొట్టకుండా వదిలేస్తున్నారా చూడండి. అందరూ ఒకే పేజీ ఒకేసారి రాస్తుంటే అది మామూలు నర్సరీనే, మామూలు ఫీజే కట్టాలి. ఇంకొకటి, బాబు తెలుగులో "నీళ్ళు కావాలి" అంటే టీచర్ ఏమంటుందో వినండి, ముందు నీళ్ళిచ్చి తర్వాత ఇంగ్లీషులో ఆ మాట నేర్పే టీచర్ ఉంటే ఆ స్కూల్లో ధైర్యంగా చేర్చండి. లోపలికే రానివ్వం అంటే వేరే స్కూలు చూసుకోండి.