2030 జూన్‌లో ప్రపంచకప్, అదే జూన్‌లో బాబు కాలేజీ సీటు: డబ్బు ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. పరవాడలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. ఏడాదికి 9.6 లక్షల జీతం. ఖర్చులన్నీ పోను నెలకు 25,000 మిగులుతుంది. అత్యవసరానికి 3 లక్షలు వేరే ఉంచాం. ఇంకో 2.5 లక్షలు ఎఫ్‌డీలో ఉంది. 9వ తరగతి చదువుతున్న మా బాబుకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. 2030 ప్రపంచకప్‌కి ముగ్గురం వెళ్ళి, స్పెయిన్, పోర్చుగల్, మొరాకోల్లో మ్యాచ్‌లతో పాటు పాత కోటలు, కట్టడాలు కూడా చూడాలని ఉంది. చిన్న కంపెనీల షేర్లుండే స్మాల్‌క్యాప్ ఫండ్‌లో నెలనెలా సిప్ చేయమని మిత్రుడు అంటున్నాడు. అప్పటికి బంగారం కుదువ పెడదామని మా ఆవిడ అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: లెక్కలకు ముందు క్యాలెండర్ చూడండి. టోర్నీ 2030 జూన్ 8న మొదలై జూలై 21న ముగుస్తుంది. ప్రపంచకప్‌కు నూరేళ్ళు నిండుతున్నందుకు మొదటి మూడు మ్యాచ్‌లు ఉరుగ్వే, అర్జెంటీనా, పరాగ్వేల్లో జరుగుతాయి. మిగిలిన 101 మ్యాచ్‌లు మీరు చెప్పిన మూడు దేశాల్లో. ఇప్పుడు 9లో ఉన్న మీ బాబు ఇంటర్ రెండో ఏడాది పూర్తిచేసేది కూడా 2030 వేసవిలోనే. ఇంజినీరింగ్‌కి వెళ్తే ఐఐటీ, ఎన్ఐటీల కౌన్సెలింగ్ సరిగ్గా గ్రూపు మ్యాచ్‌ల రోజుల్లో నడుస్తుంది. రాష్ట్ర కౌన్సెలింగ్ దాని వెనకే వస్తుంది. మీరు అడిగింది విహారయాత్ర గురించే అయినా, ఒకే నెలలో రెండు పెద్ద ఖర్చులు మీద పడబోతున్నాయి. అందుకే ఈ రెండింటికీ ఇవాళే రెండు వేరు వేరు ఖాతాలు తెరవాలి. ఒకే ఖాతాలో దాస్తే ఫీజు కట్టే రోజున యాత్ర డబ్బే కనిపిస్తుంది, టికెట్ కొనే రోజున ఫీజు డబ్బే కనిపిస్తుంది.

మూడు దేశాలూ తిరిగితే ఎంతవుతుందో నేటి ధరల్లో అంచనా వేశాను. ముగ్గురికి విమాన టికెట్లు 2.85 లక్షలు, వీసాలు, బీమా 55,000, టోర్నీ రోజుల రేట్లతో 14 రాత్రుల బస 1.96 లక్షలు, రెండు గ్రూపు మ్యాచ్‌లకు ఆరు టికెట్లు 81,000, దేశాల మధ్య, ఊళ్ళ మధ్య ప్రయాణాలు 75,000, భోజనాలు 77,000, కట్టడాల టికెట్లు, గైడ్లు 25,000. మొత్తం 7.94 లక్షలు. అనుకోని వాటికి పది శాతం కలిపితే 8.73 లక్షలు. విదేశీ ధరలు పెరగడం, రూపాయి పడటం రెండూ కలిపి ఏడాదికి 6 శాతం చొప్పున నాలుగేళ్ళకు పెంచితే 11 లక్షలు దాటుతుంది.

మొరాకో ఒక్కటే 11 రాత్రులు అనుకుంటే విమానాలు 2.55 లక్షలు, వీసా, బీమా 25,000, బస 1.32 లక్షలు, మ్యాచ్ టికెట్లు అవే 81,000, రైళ్ళు, టాక్సీలు 35,000, భోజనాలు 50,000, గైడ్లు 15,000. పది శాతం కలిపితే 6.52 లక్షలు. 2030కి సుమారు 8.24 లక్షలు.

మ్యాచ్ టికెట్ ఒక్కోటి 150 డాలర్లని, డాలరు 90 రూపాయలని పట్టుకున్నాను. 2026 టోర్నీకి ఫిఫా మొదట ప్రకటించిన ధరలు గ్రూపు మ్యాచ్‌కి 60 డాలర్ల నుంచి ఫైనల్‌కి 6,730 డాలర్ల దాకా ఉన్నాయి. పైగా గిరాకీని బట్టి ధర మారే పద్ధతి పెట్టారు. 150లో దొరక్కపోతే రెండు మ్యాచ్‌లను ఒకటి చేసుకోండి గానీ పునఃవిక్రయంలో కొనకండి. 2026లో ఫిఫా సొంత పునఃవిక్రయ వేదికే కొనేవారి దగ్గర 15 శాతం, అమ్మేవారి దగ్గర 15 శాతం తీసుకుంది.

నా ఓటు మొరాకోకే. ఖర్చు తక్కువన్నది ఒక కారణం మాత్రమే. స్పెయిన్ వెళ్ళాలనుకునేవారిలో చాలామంది మనసులో ఉండేది గ్రనాడాలోని అల్‌హంబ్రా కోట. ఆ గోడల మీది గచ్చు చెక్కడం, రంగు పలకల కూర్పు స్పెయిన్‌కే పరిమితం కాదు. 14వ శతాబ్దంలో అక్కడ నస్రీ వంశపు రాజులు మేడలు కట్టిస్తున్న కాలంలోనే మొరాకోలోని ఫెజ్‌లో మరీనీ వంశపు సుల్తాను బూ ఇనానియా మదరసా కట్టించాడు. పనితనం ఒకే కుదురుది. ఫెజ్‌లో ఒక పేట పేరే అందలూసియన్ల (స్పెయిన్ ముస్లింల) పేట. 818లో స్పెయిన్‌లోని కార్డోబాలో తిరుగుబాటు అణచివేతకు గురైనప్పుడు పారిపోయి వచ్చినవారు అక్కడ స్థిరపడ్డారు. రబాత్‌లో అసంపూర్తిగా నిలిచిపోయిన హసన్ బురుజు, మరాకేష్‌లోని కుతుబియా మీనారు, స్పెయిన్ సెవిల్లెలోని గిరాల్డా మూడూ 12వ శతాబ్దంలో మొరాకోను, దక్షిణ స్పెయిన్‌ను ఏలిన అల్మొహద్ పాలకులవే. రబాత్ బురుజు పని 1199లో యాకూబ్ అల్ మన్సూర్ చనిపోవడంతో ఆగిపోయింది. కాబట్టి జిబ్రాల్టర్ జలసంధి దాటకుండానే ఆ వారసత్వంలో సగానికి పైగా చూడొచ్చు. ఫెజ్ పాతబస్తీని యునెస్కో 1981లో, మరాకేష్‌ను 1985లో, మెక్‌నెస్‌ను 1996లో, దానికి దగ్గర్లోని రోమన్ శిథిల నగరం వొలూబిలిస్‌ను 1997లో, రబాత్‌ను 2012లో జాబితాలో చేర్చింది.

జట్టు వెంట తిరిగే ఆలోచన ఉంటే మానుకోండి. గ్రూపులు తేల్చే డ్రా తీసేదాకా ఏ జట్టు ఏ ఊళ్ళో ఆడుతుందో తెలియదు. 2026 టోర్నీకి డ్రా 2025 డిసెంబర్ 5న తీశారు. ఆ లెక్కన మీకు 2029 చివరిదాకా తెలియకపోవచ్చు. తెలిశాక కూడా మీ బాబుకి నచ్చిన జట్టు మూడు మ్యాచ్‌లు మూడు ఊళ్ళలో ఆడొచ్చు. ఊరు పట్టుకుని కూర్చుంటే బస, రైళ్ళు ముందే తేల్చుకోవచ్చు. రబాత్‌లో 5 రాత్రులు, ఫెజ్‌లో 4, మరాకేష్‌లో 2. రబాత్ నుంచి కాసాబ్లాంకా రైల్లో గంట దూరం, ఫెజ్ మూడు గంటల లోపు. టాంజియర్‌కి 2018లో మొదలైన అల్ బొరాక్ హైస్పీడ్ రైలు ఉంది. మ్యాచ్‌లు రబాత్, ఫెజ్‌లలోనే చూడండి. కాసాబ్లాంకాకు కడుతున్న 1,15,000 సీట్ల స్టేడియం ఊరికి దూరంగా బెన్‌స్లిమాన్ వైపు ఉంది. అర్ధరాత్రి ఆట ముగిశాక ఇంటిల్లిపాదీ తిరిగి రావడం కష్టం. ఆతిథ్య నగరాల తుది జాబితా వచ్చేదాకా తిరిగివ్వని షరతు మీద ఏ హోటలూ బుక్ చేయకండి. ముందు జాబితాలో ఉన్న స్పెయిన్ నగరం మలగా 2025లో తప్పుకుంది.

ఇక డబ్బు. 2.5 లక్షల ఎఫ్‌డీని 6.5 శాతానికి తిరగేస్తూ పోతే 2030 మొదటికి సుమారు 3.12 లక్షలవుతుంది. మొరాకో లెక్కలో ఇంకా 5.12 లక్షలు కావాలి. 2026 ఆగస్టు నుంచి 2030 మార్చి దాకా 44 నెలలు. నెలకు 10,500 రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) సరిపోతుంది. బ్యాంకు 6 శాతమే ఇస్తే నెలకు తేడా రెండు వందలే. మిగిలిన 14,500 కాలేజీ ఖాతాకి వెళ్తే 2030 మార్చికి 7.18 లక్షలు. అదే మూడు దేశాల యాత్రకైతే నెలకు 16,000 పోతుంది. కాలేజీకి 9,000 మిగిలి 4.46 లక్షలే జమవుతుంది. ఆ 2.7 లక్షల తేడా చాలా కాలేజీల్లో ఒక ఏడాది ఫీజుకి పైమాటే.

ఆర్డీ కాలపరిమితి దగ్గరే చాలామంది తడబడతారు. పోస్టాఫీసు ఆర్డీ 5 ఏళ్ళది. మూడేళ్ళ తర్వాత ముందుగా మూసేయొచ్చు గానీ అప్పుడు పొదుపు ఖాతా వడ్డీయే ఇస్తారు. కాబట్టి బ్యాంకులో 36 నెలలకే పెట్టండి. అది 2029 ఆగస్టుకి సుమారు 4.16 లక్షలై చేతికొస్తుంది. మీకు పెద్ద ఖర్చు మొదలయ్యేది కూడా అప్పుడే. విమాన సంస్థలు సాధారణంగా ప్రయాణానికి పదకొండు నెలల ముందు నుంచి సీట్లు అమ్ముతాయి. 2026 టోర్నీకి ఫిఫా టికెట్ల లాటరీలు 2025 సెప్టెంబర్‌లోనే మొదలయ్యాయి. ఆ తర్వాతి ఎనిమిది నెలల 10,500 పొదుపు ఖాతాలో ఉంచండి, అది మార్చి, ఏప్రిల్‌లో హోటల్ అడ్వాన్సులకి. ఎఫ్‌డీని మాత్రం 2030 మే దాకా కదపొద్దు, అది అక్కడ ఖర్చుపెట్టే డబ్బు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రాయితీ ఉంది కాబట్టి ఈ వడ్డీ కలిపినా మీకు పన్ను పడదు.

స్మాల్‌క్యాప్ సిప్ ఈ పనికి పనికిరాదు. మీ గడువు నాలుగేళ్ళనిపిస్తుంది గానీ నిజానికి మొదటి ఖర్చుకి మూడేళ్ళే. 2020 జనవరి, మార్చి మధ్య పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీయే 38 శాతం పడింది. టోర్నీ తేదీ మార్కెట్ కోలుకునేదాకా ఆగదు. పదేళ్ళ తర్వాతి లక్ష్యం మరొకటి ఉంటే దానికి ఆ మిత్రుడి మాట వినండి.

మీ ఆవిడ బంగారం ఆలోచనకు నేను గట్టిగా వద్దనేది వడ్డీ ఒక్కటే చూసి కాదు. అసలు, వడ్డీ ఒకేసారి కట్టే బంగారం రుణానికి గడువు ఏడాదికి మించదు. 2030 మేలో పెడితే 2031 మేలో విడిపించాలి, సరిగ్గా రెండో ఏడాది ఫీజు ముందు. అప్పుడు తిరగ రాయించుకోవడమో, అమ్ముకోవడమో తప్పదు. పీఎఫ్ ఊసు మీరు ఎత్తలేదు, మంచిది. ఎత్తొద్దు.

టికెట్ల లాటరీలో ఒక మెలిక ఉంది. 2026 టోర్నీకి డ్రా తర్వాత జరిగిన లాటరీలో పేరు తగిలినవారి కార్డు నుంచి అడగకుండానే డబ్బు లాగేశారు. ఎలాగూ రాదులే అని ఐదు మ్యాచ్‌లకు దరఖాస్తు చేస్తే ఐదూ రావచ్చు. అవసరమైన రెండింటికే చేయండి. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి, పరిమితి చాలాలి. చాలా క్రెడిట్ కార్డులు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం, దానిపై జీఎస్టీ కలిపి నూటికి 4 రూపాయలకు పైగా వేస్తాయి. ఈ మూడేళ్ళలో ఆ రుసుము తక్కువున్న కార్డు ఒకటి తీసుకోండి. అక్కడ యంత్రం మీద రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే కాదనండి, స్థానిక కరెన్సీయే నొక్కండి.

మొరాకో దిర్హామ్‌లు ఆసీల్‌మెట్టలోనో ద్వారకానగర్‌లోనో దొరుకుతాయని తిరగకండి. ఆ కరెన్సీని దేశం బయటికి, లోపలికి 2,000 దిర్హామ్‌లకు మించి తీసుకెళ్ళనివ్వరు. ఇక్కడి నుంచి యూరోలు పట్టుకెళ్ళి అక్కడ మార్చుకోండి. రసీదులు దాచుకుంటేనే మిగిలినవి తిరిగి యూరోలవుతాయి. బజార్లలో, ఆరుగురు పంచుకునే గ్రాండ్ టాక్సీల్లో నగదే నడుస్తుంది. ఫెజ్ పాతబస్తీ సందుల్లోకి కారు రాదు, సామాను తోపుడు బండి మీదే వెళ్తుంది. ఆ కూలి ముందే మాట్లాడుకోండి. గైడ్‌ని ప్రభుత్వ గుర్తింపు కార్డు చూసి పెట్టుకోండి. దారి చూపిస్తానంటూ వెంటపడేవాడి ఉచిత సాయం తోళ్ళ దుకాణంలో తేలుతుంది. శాకాహారులైతే హరీరా సూప్‌లో మాంసం ఉందేమో అడగండి.

ట్రావెల్స్ ద్వారా ప్యాకేజీ కొంటే 2026 ఏప్రిల్ నుంచి 2 శాతం టీసీఎస్ (అమ్మేవారే ముందుగా పట్టుకునే పన్ను) వసూలు చేస్తారు. పన్ను లేనివారికి అది రిటర్ను వేస్తేనే వెనక్కి వస్తుంది, కాబట్టి రిటర్ను వేసేవారి పాన్ మీదే కొనండి. విశాఖ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా కాసాబ్లాంకా అన్నీ ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే సరే. విడిగా కొంటే హైదరాబాద్‌కి ముందు రోజే రైల్లో చేరండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు.

ఇంత చెప్పినా యూరప్ చూడాల్సిందే అంటారా? అయితే మొరాకో ముందు, లిస్బన్ లేదా సెవిల్లె తర్వాత పెట్టుకుని అక్కడి నుంచే ఇంటికి రండి. స్పెయిన్ వెళ్ళి, మొరాకో చూసి, మళ్ళీ స్పెయిన్ రావాలంటే ఒక్క ప్రవేశానికే ఇచ్చిన షెంగెన్ వీసా (స్పెయిన్, పోర్చుగల్ సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) చాలదు, సరిహద్దు దాటగానే దాని పని అయిపోతుంది. ఆ వీసా రుసుము పెద్దలకి 90 యూరోలు. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు. అల్‌హంబ్రాలో నస్రీ మేడలకి వేళ రాసిన టికెట్ ఇస్తారు, వేళ తప్పితే లోపలికి పంపరు.

అక్కడున్నా కౌన్సెలింగ్ పనులు తప్పవు. సీటు రుసుము ఆన్‌లైన్‌లో కట్టాలంటే ఓటీపీ రావాలి. బ్యాంకుకి జతచేసిన నంబరుకి రోమింగ్ వేయించండి, బాబు ధ్రువపత్రాల స్కాన్ కాపీలు ఫోన్‌లో పెట్టుకోండి. కాలేజీ ఖాతాకి నెట్ బ్యాంకింగ్ మీ ఇద్దరిలో ఒకరికే కాక ఇద్దరికీ ఉండాలి.

బాబు పాస్‌పోర్టుకి మాత్రం తొందరపడకండి. 15 ఏళ్ళ లోపు వారికి ఇచ్చేది ఐదేళ్ళు లేదా 18 నిండేదాకా, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. ఇప్పుడు తీస్తే సరిగ్గా ప్రయాణం ముందే గడువు తీరిపోవచ్చు. 15 నిండాక దరఖాస్తు చేస్తే పదేళ్ళది కోరుకునే వీలుంది. మీ ఇద్దరివి ఎప్పుడు ముగుస్తున్నాయో ఈ వారమే చూసుకోండి. బాబు పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటుందో ఫిఫా ఖాతాలో, విమాన టికెట్‌లో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. మనవాళ్ళలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పూర్తిగా ఉండటం మామూలే. దాన్ని పదో తరగతి పరీక్ష దరఖాస్తు నింపేటప్పుడే సరిచేయించండి.