దుకాణం తెరవబోతున్న మేనల్లుడికి

హన్మకొండ

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

భూపాలపల్లిలో ఫ్రిజ్జులు, టీవీలు, వాషింగ్ మెషిన్ల దుకాణం దసరాకు ముందే తెరవాలని నిశ్చయించుకున్నావని అక్క ఫోన్లో చెప్పింది. ఏ కంపెనీ ఏజెన్సీ తీసుకోవాలి, మార్జిన్ ఎంత మిగులుతుంది అన్న సంగతులు నువ్వు నాకంటె బాగానే విచారించి ఉంటావు. వరంగల్‌లో ముప్పై రెండేళ్లు ఇదే సరుకు అమ్మినవాడిగా నేను నీకు చెప్పదలచినది, గిరాకి నీ మెట్టెక్కేసరికి అతని మనసులో ఏమేమి తేలిపోయి ఉంటాయి, ఇంకా ఏది తేలక ఉంటుంది అన్న ఒక్క విషయం.

కొనాలన్న ఆలోచన దుకాణంలో పుట్టదు. పెద్దబిడ్డ మొదటి కాన్పుకు పుట్టింటికి వస్తున్నదని తెలిసిన రోజున, లేదా పాత ఫ్రిజ్ కంప్రెసర్ పోయి మెకానిక్ నాలుగు వేలు అడిగిన రోజున అది ఇంట్లోనే పుడుతుంది. అందుచేత మనిషి లోపలికి రాగానే "ఎంతలో చూపించమంటారు?" అని అడగకు. ఆ ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరు. మనసులో ఉన్నదానికి రెండు మూడు వేలు తగ్గించే చెబుతారు. "ఇప్పుడు అవసరమేం పడ్డది?" అని అడిగితే మాత్రం కాన్పు సంగతి, కంప్రెసర్ సంగతి వాళ్లే చెప్పేస్తారు. సగం బేరం అక్కడే తెలుస్తుంది.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. ఒక ఏడు ఏనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్ముకొని ఒక కుటుంబం నేరుగా మా దుకాణానికి వచ్చింది. తండ్రి, తల్లి, డిగ్రీ చదివే కొడుకు, వాళ్లతో పాటు తండ్రికి అక్క అయ్యే ఒక పెద్దావిడ. డబ్బు తండ్రి అంగీ లోపలి జేబులో ఉన్నదని గ్రహించి నేను మాటలన్నీ ఆయనతోనే నడిపాను. ఆయన ఫ్రిజ్ తలుపు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచి, మూసుకునేటప్పుడు వచ్చే మెత్తని చప్పుడు విన్నాడు. తల్లి అడుగున కూరగాయల పెట్టెలో జానతో కొలత వేసింది. కొడుకు గోడవైపు తిరిగి ఫోన్లో ధర వెతుకుతున్నాడు. పెద్దావిడ ఒక మూల నిలబడే ఉన్నది. ఆమెకు కుర్చీ వేయాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. అడిగిన దానికంటె పెద్దదైన రెండు తలుపుల ఫ్రిజ్ దగ్గరికి తండ్రిని తీసుకుపోయి, ఒప్పించి, బిల్లు పుస్తకం తెరిచే సమయానికి ఆమె ఒక్క మాట అన్నది: "గిది మనింటి దర్వాజల పడ్తదారా?" తండ్రి చెయ్యి జేబులోంచి వెనక్కి వచ్చింది. "చూసొస్తం సేటు" అన్నారు. ఆ మాటకు అర్థం ఇక రామని. తరువాత వాళ్లు ఇంకొక దుకాణంలో చిన్నది కొన్నారని ఆ ఊరివాళ్లే చెప్పారు.

డబ్బిచ్చేవాడు, వాడుకునే మనిషి, వివరం తెలిసినవాడు, కాదనగలిగే మనిషి వేర్వేరుగా ఉంటారని ఆనాడు తెలిసింది. మొదటి ముగ్గురిలో ఎవరు ఎవరో గుర్తుపట్టడం తేలిక. కాదనగలిగే మనిషి మాత్రం చాలాసార్లు నోరు తెరవకుండా కూర్చుంటారు. కాబట్టి మొదటి కుర్చీ, మొదటి మంచినీళ్లు వాళ్లకే ఇవ్వాలి. దర్వాజ వెడల్పు నువ్వే ముందుగా అడగాలి.

ఇక పైసల సంగతి. చేతిలో ఉన్న పైసలన్నీ ఒకటేనని మనం లెక్క కడతాం గాని, ఇంట్లో ప్రతి పైసకూ ఒక పేరుంటుంది. చిట్టీ ఎత్తిన డబ్బు బంగారానికో, ప్లాటుకో పోతుంది. దానితో టీవీ కొనమంటే ఇల్లాలు ఒప్పుకోదు. పత్తి డబ్బులో ముందు ఎరువుల బాకీ, ఆ తరువాతే వస్తువు. మీ ఊళ్లో సింగరేణి కార్మికులకు దసరా ముందర వచ్చే లాభాల వాటా, దీపావళికి వచ్చే బోనస్ మాత్రం జీతంలాంటివి కావు. ఆ డబ్బు చేతికి రాకముందే ఏం కొనాలో ఇంట్లో మాట్లాడుకొని ఉంటారు. జీతగాళ్లకు నెలవారీ కిస్తీ నప్పుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లే డబ్బు చూసే రైతుకు అదే కిస్తీని అంటగట్టావంటే, మూడో నెలలో అతను తిట్టేది ఫైనాన్స్ వాళ్లను కాదు, నిన్ను.

ధర విషయంలో మనిషి లెక్క విచిత్రంగా ఉంటుంది. కొత్తిమీర కట్ట దగ్గర ఐదు రూపాయలకు పట్టుబట్టే మనిషి, పాతిక వేల ఫ్రిజ్ కొన్న వెంటనే దానికి తోడుగా చూపిన స్టెబిలైజర్ ధరను అడగనైనా అడగడు, ఎందుకంటే పాతిక వేల పక్కన అది చిన్నదిగా కనబడుతుంది. ఈ బలహీనత మీద బతికే దుకాణాలున్నాయి. ఫ్రిజ్‌కు స్టెబిలైజర్ అక్కరలేదని కంపెనీయే చెబుతుంటే ఆ మాట నువ్వే చెప్పు. వెయ్యి పోయినా మనిషి నిలుస్తాడు. పాత వస్తువు మార్పిడి సంగతీ ఇంతే. కొత్తదాని మీద రెండు వేలు తగ్గించినా రాని సంతోషం, పాత టీవీకి రెండు వేలు కట్టామంటే వస్తుంది. తాను పదేళ్లు చూసుకున్న టీవీకి విలువ ఉన్నదని ఇంకొకరు ఒప్పుకోవాలని మనిషికి ఉంటుంది.

కరెంటు ఆదాను చూపే స్టార్ లేబుల్ మీద నక్షత్రాలు లెక్కపెట్టి, కింద ముద్రించిన ఏడాది యూనిట్ల అంకెను చదవనివాళ్లే ఎక్కువ. పెద్ద సైజు ఐదు నక్షత్రాల ఫ్రిజ్, చిన్న సైజు మూడు నక్షత్రాల ఫ్రిజ్ కంటె ఎక్కువ కరెంటు తాగవచ్చు. ఆ అంకె మీద వేలు పెట్టి చూపించు.

ఒకప్పుడు నేను ఇరవై రకాల ఫ్యాన్లు వేలాడదీసి గొప్పగా భావించేవాణ్ని. చూసేవాళ్లు చాలామంది, కొనేవాళ్లు కొద్దిమంది. కాకతీయ యూనివర్సిటీలో ఎంబీఏ చదివేటప్పుడు మా చిన్నోడు ఒక పరిశోధన సంగతి చెప్పాడు. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2000లో ప్రచురించారట. కాలిఫోర్నియాలోని ఒక కిరాణా దుకాణంలో 24 రకాల జామ్ పెట్టినప్పుడు ఆగి చూసినవాళ్లలో నూటికి 3గురు కొంటే, 6 రకాలే పెట్టినప్పుడు నూటికి 30 మంది కొన్నారు. ప్రతి సరుకుకూ ఇదే లెక్క వర్తిస్తుందని నేను అనను గాని, అప్పటినుంచి ఇంటి అవసరం విన్న తరువాత మూడే చూపించాను. నాలుగోది అడిగితేనే తీసేవాణ్ని.

అన్నిటికంటె ముఖ్యమైన ఘట్టం కొన్న తరువాత వస్తుంది. ట్రాలీ ఆటో వాడకట్టులోకి తిరిగేసరికి "ఎంతకు తెచ్చినవ్?" అని నలుగురు అడుగుతారు, "కరీంనగర్‌ల రెండు వేలు తక్కువనే ఉండె" అని ఒకడంటాడు. ఆ రాత్రి కొన్న మనిషికి నిద్ర ఉండదు. అమ్మకం సమయంలో అతని అసలు భయం కూడా ఇదే: ఇంటికెళ్లాక తన కొనుగోలుకు తాను జవాబు చెప్పుకోగలడా అన్నది. ఆ జవాబును నువ్వే తయారుచేసి ఇవ్వాలి. వారంటీ ఎన్నేళ్లో, ఏడాదికి యూనిట్లెన్నో, ఖరాబైతే ఎవరికి ఫోన్ చేయాలో బిల్లు వెనుక తెలుగులో రాసి, ఇల్లాలి చేతికి ఇవ్వు. మూడో రోజు నువ్వే ఫోన్ చేసి చల్లగా పనిచేస్తున్నదా అని అడుగు.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు మాత్రం పెట్టకు. కొనబోయే మనిషి మొదట చదివేది దాన్నే. పైగా 2020 జూలై 20 నుంచి అమలవుతున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోనంటే అది అనుచిత వ్యాపార విధానం కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే.

ఎంగిలిపూల బతుకమ్మ నాటికి నేను, మీ అత్త అక్కడికి వస్తాం. బోర్డులు రాసే పెయింటర్‌ను అప్పటిదాకా ఆపు. కుర్చీలు మాత్రం ఆరు ముందే కొని ఉంచు, ప్లాస్టిక్‌వి కాకుండా చేతులున్నవి.

ఇట్లు,
మీ మామ