బీజీపీ సెషన్ పదే పదే పడిపోతుంటే

అన్నా, మీ రూటింగ్ సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఆర్‌ఆర్ 8.1లో అప్‌స్ట్రీమ్‌తో (మీకు ఇంటర్నెట్ ఇచ్చే పై నెట్‌వర్క్‌తో) బీజీపీ సెషన్, అంటే రూటర్లు రూట్లు చెప్పుకునే కనెక్షన్, లేచిన వెంటనే పడిపోతోందని, హన్మకొండ కస్టమర్ల ఫోన్లు ఆగడం లేదని రాశారు. ఆ టెన్షన్ నాకు తెలుసు.

ముందు 'షో బీజీపీ నైబర్స్' కొట్టి చివరి రీసెట్ కారణం చూడండి. అప్‌డేట్ మెసేజ్ ఎర్రర్ అని ఉంటే, సీవీఈ-2023-38802 అనే నంబరుతో నమోదైన భద్రతా లోపం కావచ్చు. ఎఫ్‌ఆర్‌ఆర్ 7.5.1 నుంచి 9.0 వెర్షన్ దాకా ఆ లోపం ఉంది. రూటుతో పాటు వచ్చే వివరాల్లో (అట్రిబ్యూట్లలో) పాడైన 23వ అట్రిబ్యూట్ ఒక్కటి వచ్చినా సెషన్ మొత్తం తెగుతుంది. మళ్లీ కలవగానే అదే రూటు వస్తుంది, మళ్లీ తెగుతుంది. బీజీపీ వాడే పోర్టు 179కి ఫైర్‌వాల్, పాస్‌వర్డ్ పెట్టినా లాభం లేదు. ఆ అట్రిబ్యూట్ అర్థం కాని రూటర్లు దాన్ని అలాగే ముందుకు పంపుతాయి, మీకు చేరేది మీరు నమ్మిన పొరుగు రూటర్ నుంచే. 2015 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7606 ప్రకారమైతే ఆ ఒక్క రూటునే వదిలేయాలి.

ఈ రాత్రే సరిచేసిన వెర్షన్‌కు మారండి. ముందు కాన్ఫిగ్ కాపీ తీసుకోండి అన్నా.