కెమెరాను పిల్ల వైపు తిప్పు

చిన్నీ,

ఉద్యోగం మానేసి, చేతులు కదిలిస్తూ లెక్కలు నేర్చుకునే పరికరం తయారుచేస్తున్నావనీ, దాని మీదే పరిశోధన కూడా చేస్తావనీ నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత పొంగిపోయానో చెప్పలేను. తర్వాత నువ్వు తీసిన వీడియో పంపింది. అది చూశాక నిద్ర పట్టలేదు. స్క్రీన్ బ్రహ్మాండంగా ఉంది, రంగులు బాగున్నాయి. కానీ పిల్ల ఏదే? రెండు నిమిషాల వీడియోలో ఆ పిల్ల నీడ తప్ప ఏమీ కనపడలేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసినవి త్వరగా చెప్పేస్తాను. తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకో, పిల్లని కూడా అడుగు. కోడ్ రాసే ముందు అట్టముక్కలతో, తాళ్లతో ఆడించి చూడు. అదే పాఠాన్ని కదలకుండా నేర్చుకునే గుంపు ఒకటి పక్కన ఉండాలి. లేకపోతే వచ్చిన లాభం కదలిక వల్లో, కొత్త బొమ్మ మోజు వల్లో తేలదు. పరీక్ష పాఠం అయిన వెంటనే ఒకసారి, కొన్ని వారాలు పోయాక ఇంకోసారి పెట్టు. ఒక్క కంపెనీ సెన్సర్‌ని నమ్ముకోకు. ఒంటి కదలికల్ని పట్టే మైక్రోసాఫ్ట్ కెమెరా కినెక్ట్ 2010లో వచ్చింది, 2017కల్లా తయారీ ఆపేశారు.

కదలికకీ పాఠానికీ పొత్తు కుదరడం దగ్గర మాత్రం తొందరపడకు. సరైన జవాబున్న గడి మీదికి గెంతించి, దాన్ని ఎంబాడీడ్ లెర్నింగ్, అంటే ఒంటితో నేర్చుకోవడం, అంటున్నవాళ్లని చాలామందిని చూశాను. గెంతుకీ గుణకారానికీ ఏమిటి సంబంధం? డోర్ అబ్రహామ్‌సన్ బృందం నిష్పత్తి కోసం చేసిన పరికరం గుర్తుందిగా. రెండు చేతుల ఎత్తులు, ఉదాహరణకి 1:2లో ఉంటేనే స్క్రీన్ పచ్చగా మారుతుంది. పిల్లలు మొదట చేతుల మధ్య ఎడం మారకుండా పైకి లేపుతారు, పచ్చదనం పోతుంది. పైకి వెళ్లేకొద్దీ ఎడం పెరగాలని కాసేపటికి చేతులే కనిపెడతాయి. గళ్లూ అంకెలూ ఆ తర్వాతే వస్తాయి. ఆ వరస చూడు, అందమంతా అందులోనే ఉంది.

స్క్రీన్ ఆలస్యంగా స్పందిస్తే మాత్రం ఊరుకోకు. నడిచి గ్రాఫ్ గీసే పాఠాల మీద 1987లో హీథర్ బ్రాసెల్ ప్రచురించిన పరిశోధన ఉంది. నడుస్తుండగానే గ్రాఫ్ కనపడితే నేర్చుకున్నారు. అదే గ్రాఫ్ 20–30 సెకన్లు ఆలస్యంగా చూపిస్తే ఆ లాభం దాదాపు అంతా పోయింది.

ఇప్పుడు నా సంగతి. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా తెలియదు.

మేమూ అలాంటి నడిచే గ్రాఫ్ పాఠమే చేశాం. దూరం కొలిచే సెన్సర్ నుంచి వెనక్కి నడిస్తే గీత పైకి లేస్తుంది, ఆగితే అడ్డంగా సాగుతుంది, వేగం పెంచితే వాలు పెరుగుతుంది. ముందే గీసి ఉన్న గీతకి తన నడకను సరిపెట్టాలి, దానికి పాయింట్లు. ఎవరెన్ని అడుగులు వేశారో కూడా లెక్కపెట్టాను. ఎక్కువ కదిలితే ఎక్కువ నేర్చుకుంటారని అప్పటి నా నమ్మకం. కెమెరా స్క్రీన్ మీద పెట్టాను, నీలాగే.

ఒక అమ్మాయి నడవనే లేదు. సెన్సర్ ముందు కూర్చుని, అట్ట పుస్తకం నిలువుగా పట్టుకుని, చేత్తో ముందుకీ వెనక్కీ జరిపింది. గీత చిన్నగా వచ్చినా ఆకారం అదే. నేను కోప్పడ్డాను. మోసం చేస్తున్నావన్నాను. పుస్తకం పక్కన పెట్టేసి తల దించుకుంది. ఆ సాయంత్రం తన వివరాలు ‘చెల్లవు’ అని రాసి లెక్కలోంచి తీసేశాను.

రెండేళ్ల తర్వాత వేరే పని మీద ఆ టేపు మళ్లీ చూశాను. స్క్రీన్ అంచున తన మోచెయ్యి, పుస్తకం మూల, అంతే కనపడుతున్నాయి. మాట మాత్రం వినపడుతోంది. పక్కనున్న పిల్లతో, “ఇక్కడ బాగా నిలువుగా లేవాలంటే గబుక్కున లాగాలి. మెల్లగా లాగితే పడుకుంటుంది, చూడు” అంటోంది. వాలంటే వేగమని ఆ గదిలో అంత స్పష్టంగా చెప్పిన పిల్ల ఇంకొకరు లేరు. తను చేత్తో ఏం చూపిస్తూ ఆ మాట అందో ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా కనపడలేదు. నోటికి ఇంకా రాని ఆలోచన పిల్లల చేతుల్లో ముందే కనపడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త సూసన్ గోల్డిన్-మెడో ఎన్నో ఏళ్లుగా చూపిస్తూనే ఉంది. అది చదివి కూడా నేను చేతుల వైపు చూడలేదు.

ఆ పిల్ల ఎక్కడుందో నాకు తెలియదు. క్షమించమని అడిగే దారి కూడా లేదు. ఆ మోచెయ్యి ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతుంది.

అందుకే అంటున్నాను, ఒళ్లంటే గెంతడమొక్కటే అనుకోకు. వేలి కొనతో చేసేదీ ఒంటితో చేసేదే. చక్రాల కుర్చీలో వచ్చిన పిల్లనీ, చెయ్యి సగమే లేచే పిల్లనీ నీ సెన్సర్ గుర్తుపట్టాలి. ‘పరికరం చదవలేకపోయింది’ అని ఏ పిల్లనీ లెక్కలోంచి తీసెయ్యకు. అనుకోని పని ఎవరైనా చేస్తే ఆపకు, దగ్గర కూర్చుని “ఏం చేస్తున్నావమ్మా?” అని అడుగు. నువ్వు చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని, వేళ్లు మడుస్తూ పెదవులు కదుపుతూ లెక్కపెట్టేదానివి. “వేళ్లు వద్దు, నోటితో చెప్పు” అని ఒకసారి నీ చేతులు గట్టిగా పట్టేసుకున్నాను. ఠక్కున ఆగిపోయావు. నీకు గుర్తుండకపోవచ్చు, నాకుంది తల్లీ.

ఈ వారంలో ఇంకో వీడియో తియ్యి. స్క్రీన్ కనపడకపోయినా ఫర్వాలేదు, అదెలాగూ కంప్యూటర్‌లో రికార్డవుతుంది. పిల్ల మొహం, రెండు చేతులు, పక్కనున్న వాళ్లతో అనే మాట, ఇవి దొరకాలి. మైక్ దగ్గరగా పెట్టు. పంపాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే, ఇద్దరం కలిసి చూద్దాం.

నీ పెద్దమ్మ