సహాయక సిబ్బందిని కాపాడే ఉద్యోగం: కెమిస్ట్రీ విద్యార్థినికి దారి

ప్రశ్న: మా అమ్మాయి అనకాపల్లిలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. గ్యాస్ లీకులు, వరదలప్పుడు పనిచేసే సిబ్బందికి ఏమీ కాకుండా చూసే ఉద్యోగం చేస్తానంటోంది. అలాంటివి ఉన్నాయా? ఏం చదివించాలి? – ఒక తండ్రి

జవాబు: ఉన్నాయండీ. కాకపోతే ఆ పేరుతో నేరుగా నోటిఫికేషన్ పడదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ (ప్రమాద సమయంలో ఎవరేం చేయాలో చెప్పే ఏర్పాటు) మార్గదర్శకాల్లో, అక్కడి పనులన్నీ నడిపించే ఇన్సిడెంట్ కమాండర్ కిందే సేఫ్టీ ఆఫీసర్ పదవి ఉంది. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే పనిని అక్కడికక్కడే ఆపించొచ్చు. ఆ అనుభవం అగ్నిమాపక శాఖలో వస్తుంది, జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్)లో వస్తుంది, రసాయన ఫ్యాక్టరీల సేఫ్టీ విభాగంలోనూ వస్తుంది. మీ అమ్మాయికి మూడోది దగ్గరి దారి.

పని ఎలా ఉంటుందో ముందే తెలిస్తే మంచిది. 2020 మే 7న విశాఖలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనాన్నే తీసుకోండి. దాని ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. పల్లంలో, కాలువల్లో నిలుస్తుంది. ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది గానీ ఆ ఆవిరిని ఆపదు. గాలిలో ఎంత ఉందో తెలియనప్పుడు సిలిండరు గాలి పీల్చే ఎస్‌సీబీఏ సెట్టే దిక్కు. 6.8 లీటర్ల సిలిండరును 300 బార్ ప్రెషర్‌కు నింపితే సుమారు 2,000 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున 50 నిమిషాలు రావాలి. కానీ మనిషిని మోస్తూ మెట్లు దిగేవాళ్లు 60 లీటర్లు పీల్చేస్తారు. రిజర్వు తీసేస్తే అరగంట కూడా మిగలదు. చివర్లో విజిల్ మోగుతుంది, అప్పుడు బయల్దేరితే ఆలస్యమైనట్టే. అందుకే బయట బోర్డు మీద ప్రతి ఒక్కరి పేరు, వెళ్లిన సమయం, ప్రెషర్ రాసి, ప్రెషర్ ఎంతకు దిగితే వెనక్కి తిరగాలో ముందే చెప్పి పంపాలి. గడ్డం ఉన్నవాళ్లకు మాస్కు అంచు అతుక్కోదు, వాళ్లను లోపలికి పంపకూడదు. రసాయనాల సూట్‌లో చెమట ఆరదు కాబట్టి వడదెబ్బ భయం వేరే. వెళ్లే ముందు, వచ్చాక నాడి, ఒంటి వేడి, బరువు చూడాలి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు.

వరదల్లో ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్ పెద్ద సమస్య. ఆ నీటిలో తిరిగేవాళ్లకు వారానికోసారి 200 మి.గ్రా. డాక్సీసైక్లిన్ ఇస్తారు, అదీ డాక్టరు చూసి ఇవ్వాల్సిందే.

ఇంతకన్నా ముఖ్యమైనది, మన దగ్గర ఎక్కువగా వదిలేసేది సిబ్బంది ఆరోగ్య రికార్డులు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ అగ్నిమాపక శాఖ 343 మందిని కోల్పోయింది. కూలిన టవర్ల దుమ్ము వల్ల వచ్చిన జబ్బులతో తర్వాతి ఏళ్లలో చనిపోయినవాళ్లు అంతకన్నా ఎక్కువ. దాడికి ముందే తీసిన ఊపిరితిత్తుల పరీక్షలు ఆ శాఖ దగ్గర ఉండబట్టే, ఎవరి ఊపిరి ఎంత తగ్గిందో తేల్చగలిగారు. ముందు కొలత లేకపోతే జబ్బు పనివల్లే వచ్చిందని సిబ్బంది నిరూపించుకోవడం చాలా కష్టం.

ఇక చదువు. పాత ఫ్యాక్టరీల చట్టం నిబంధనల్లో సేఫ్టీ ఆఫీసరుకు ఇంజినీరింగ్ డిగ్రీ అయితే 2 ఏళ్లు, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ డిగ్రీ అయితే 5 ఏళ్లు సూపర్‌వైజర్ స్థాయి అనుభవం అడుగుతారు. దానితోపాటు గుర్తింపు ఉన్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా, స్థానిక భాష వచ్చి ఉండాలి. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త వృత్తి భద్రత కోడ్ వచ్చింది, దానితో ఇవి మారొచ్చు, కాబట్టి ఫీజు కట్టే ముందు తాజా నిబంధనలు, డిప్లొమా గుర్తింపు రెండూ ఫ్యాక్టరీల శాఖలో అడగండి. చెన్నైలోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ డిప్లొమాకు మంచి విలువ ఉంది, అక్కడా అనుభవం అడుగుతారు. ‘చేరగానే సేఫ్టీ ఆఫీసర్’ అనే ప్రకటనలు నమ్మకండి.

డిగ్రీ కాగానే పరవాడ, అచ్యుతాపురం వైపు ఉన్న ఫ్యాక్టరీలు చూడండి. సరుకు నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో జీతం కొంచెం ఎక్కువ వచ్చినా, ప్రొడక్షన్‌లోనే చేరమంటాను. వాల్వులు, రియాక్టర్లు, షిఫ్టు మనుషులు తెలియనివాళ్లు లీకు దగ్గర సరైన నిర్ణయం తీసుకోలేరు. చేరేటప్పుడే ప్లాంటు ఎమర్జెన్సీ టీమ్‌లో పేరు వేయించుకోమనండి. సూపర్‌వైజర్‌గా పదోన్నతి వచ్చిన తేదీతో ఉత్తర్వు కాపీ దాచుకోమనండి. డిప్లొమా దరఖాస్తులు చాలావరకు ఆగేది ఆ కాగితం దగ్గరే.