గాలానికి కట్టేది గీత కాదు

తమ్ముడూ,

నీ అనువాద కథ అందింది. తెల్లవారే చోటు బాగా రాశావు. కానీ మూడో పేజీలో కుర్రాడు చెరువు గట్టున కూర్చుని ‘గీతను నీళ్లలోకి విసిరాడు’ అన్నావు. అక్కడే కాగితాలు పక్కన పెట్టి ఈ ఉత్తరం మొదలెట్టాను. గాలానికి గీత ఎక్కడిది? అది దారం. లైన్ అని కనపడగానే డిక్షనరీ తీసి, మొదటి అర్థం దించేశావు.

అసలు ఆ మాట పుట్టిందే దారంలో. లాటిన్‌లో లీనుమ్ అంటే అవిసె. గింజలు పొడి కొట్టుకుని తింటున్నామే, ఆ మొక్కే. దాని నారతో వడికిన దారం లీనియా. లినెన్ బట్ట అక్కడిదే. కోటు లోపలి లైనింగూ అక్కడిదే, ఒకప్పుడు ఆ బట్టే వేసేవారు. మేస్త్రీ గోడ కట్టేటప్పుడు దారం లాగి కడతాడు చూడు, అలా బిగిస్తే తిన్నగా నిలిచింది కాబట్టి గీత అయింది. తర్వాత వరస అయింది, పద్యపాదం అయింది, రైలు దారి అయింది. మన సూత్రమూ అంతే. మెళ్లో కడితే మంగళసూత్రం, పాణిని చెబితే వ్యాకరణం. నువ్వు మనవణ్ణి తెచ్చి తాత పీట మీద కూర్చోబెట్టావు.

మా నాన్న కరెంటు లైన్‌మ్యాన్. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి చెప్పి లైన్ క్లియర్ తీసుకునేవాడు. అంటే సప్లై ఆపేశాం, ఎక్కొచ్చు అని. ఆ రెండు మాటల మీదే ప్రాణం. నా మొదటి కథలో ‘లైన్ క్లియర్ తీసుకుని స్తంభం ఎక్కాడు’ అని రాస్తే, ఎడిటర్ ఇంగ్లీషు పనికిరాదని కొట్టేసి ‘మార్గం సుగమం చేసుకుని’ అని అచ్చేశాడు. నాన్న అరుగు మీద కూర్చుని వేలు పెట్టి చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడు. “సప్లై ఆపకుండానే ఎక్కించేశావేంట్రా?” అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే భయం. ఆ ఎడిటర్‌ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఇంగ్లీషు మాట కనపడగానే కత్తెర తీసేవాళ్లకి, ఆ మాట ఎవరి చేతిలో ఉందో పట్టదు.

నువ్వు ఆ దారిన పోవద్దు. రేషన్ షాపు ముందు లైన్ వేరు, ఫోన్‌లో లైన్ వేరు, కాలేజీ గేటు దగ్గర కుర్రాళ్లు వేసే లైన్ వేరు. పదకొండో పేజీలో ‘రేఖ మరణించింది’ అన్నది కూడా తీసెయ్. ఫోన్ కట్టయింది, అంతే.

ఈ ఆదివారం గాలం వేసేవాళ్ల పక్కన ఓ గంట కూర్చో. చేతిలో ఉన్నదాన్ని వాళ్లు ఏమంటారో విని, ఆ మాటే పెట్టు. దిద్దిన కాపీ నాకు పంపు. ఏ పత్రికకి ఇవ్వాలన్నది అప్పుడు చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్న